మా అమ్మాయి చదివే షోజో మాంగాలో ఏముంది?

తొమ్మిదో తరగతి చదివే మీ అమ్మాయి రోజూ పడుకునే ముందు ఫోన్లో మాంగా, అంటే జపాన్ వాళ్ళ బొమ్మల కథలు, చదువుతోందని రాశారు. ఓ రోజు మీరు తీసి చూస్తే పెద్ద పెద్ద కళ్ళు, పూలు, గాల్లో తేలే మాటలు తప్ప ఏమీ అర్థం కాలేదన్నారు. "ఒక్కో పేజీ రెండు సెకన్లలో తిప్పేస్తోంది, ఇందులో చదవడానికి ఏముంది? ఈ వయసులో ఈ ప్రేమకథలు మంచివేనా? ఆపించాలా?" అని అడిగారు. నేను ఇరవై ఏళ్ళుగా ఈ పుస్తకాలు చదువుతున్నాను. పదేళ్ళుగా మా అపార్ట్‌మెంట్ పిల్లలకి, వాళ్ళ స్నేహితులకి నా అలమారలోంచి అరువిస్తున్నాను. మీలాగే టెన్షన్ పడుతూ వచ్చిన అమ్మలతో చాలాసార్లు మాట్లాడాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆపించకండి. కానీ తను ఏది చదువుతోందో తెలుసుకోండి, ఒక్క సంపుటమైనా మీరూ చదవండి.

మీకు అర్థం కాకపోవడానికి కారణం చాలా చిన్నదే అయ్యుండొచ్చు. మనకున్న అలవాటు కొద్దీ ఎడమ నుంచి చదివి ఉంటారు. మాంగా కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. అచ్చు పుస్తకమైతే మనకి చివరి అట్టలా కనిపించే వైపు నుంచి మొదలవుతుంది. పేజీలో పైన కుడి మూల ఉన్న గడి మొదటిది. అక్కడి నుంచి ఎడమకు వెళ్ళాలి, ఆ తర్వాత కింది వరస. ఒకే గడిలో ఇద్దరు మాట్లాడుకుంటుంటే కుడివైపు బుడగ ముందు చదవాలి. తిరగేసి చదివితే జవాబు ముందు, ప్రశ్న తర్వాత వస్తాయి. ఇంకేం అర్థమవుతుంది? పది పేజీలు ఓపిక పడితే కన్ను అదే అలవాటు పడిపోతుంది.

రెండోది, ఆ గాల్లో తేలే మాటలు. షోజో మాంగాలో, అంటే ఆడపిల్లల కోసం రాసే మాంగాలో, ప్రాణమంతా వాటిలోనే ఉంది. బుడగలో ఉన్నది పైకి అన్న మాట. బుడగ లేకుండా, గీత లేకుండా, తెల్లటి ఖాళీలో చిన్న అక్షరాలతో ఉన్నది మనసులో మాట. అబ్బాయి "రేపు వస్తున్నావా?" అంటాడు. అమ్మాయి బుడగలో "ఆఁ, చూస్తాను" అని ఉంటుంది. కింద ఖాళీలో, వాళ్ళిద్దరి భుజాల మధ్యన, "ఎందుకు అడిగాడు?" అని ఉంటుంది. ఆ వాక్యం అక్కడ ఆగిపోయి రెండు గడుల తర్వాత, కిటికీ బొమ్మ పక్కన పూర్తవుతుంది. ఈ మధ్యలో కథ ఏమీ నడవలేదని మీకనిపిస్తుంది. నడిచింది. ఆ అమ్మాయి లోపల నడిచింది.

పూల సంగతీ అంతే. గదిలో పూలు లేకపోయినా ముఖం వెనక పూలు విచ్చుకుంటాయి, లేదా గది మొత్తం మాయమై తెల్లగా అయిపోతుంది. మన సినిమాలో ఆ క్షణానికి వీణో, ఫ్లూటో వినిపించి చుట్టూ ఉన్న చప్పుడు తగ్గిస్తారు చూడండి, కాగితం మీద ఆ పని పూలు, చుక్కలు, ఖాళీ చేస్తాయి. గడులకు గీతలు చెరిగిపోయి ఒక మనిషి బొమ్మ పేజీ పై నుంచి కింద దాకా, మిగతా గడుల మీదుగా నిలబడుతుంది. అలాంటి పేజీ దగ్గర ఆగాలి. పిల్లలు మొదటిసారి ఏమవుతుందో తెలుసుకునే ఆత్రంలో గబగబా తిప్పేస్తారు. మీ అమ్మాయి రెండు సెకన్లకో పేజీ తిప్పడం అందుకే. అదే సంపుటం వారం తర్వాత మళ్ళీ తీస్తుందేమో గమనించండి. తీస్తే, అప్పుడు అసలు చదువుతున్నట్టు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయం. మన పిల్లలు వీటిని ఇంగ్లీషు అనువాదంలో చదువుతున్నారు. ఇంగ్లీషులో అందరూ 'యూ'నే. జపనీస్‌లో అలా కాదు. మనలాగే వాళ్ళకీ మాటలో దగ్గర, దూరం, మర్యాద, చనువు అన్నీ తెలిసిపోతాయి. తోటి విద్యార్థిని ఇంటిపేరుతో, చివర 'సాన్' చేర్చి పిలుస్తారు. కొంచెం చనువుంటే 'చాన్' అనో 'కున్' అనో. పై క్లాసు వాళ్ళని 'సెంపాయ్' అంటారు. ఇంటిపేరు వదిలి సొంత పేరుతో పిలవడం అంటే ఒక గడప దాటడమే. మనకి 'మీరు' నుంచి 'నువ్వు'కి రావడంలాగే. పెళ్ళైన కొత్తలో ఎప్పుడు 'ఏవండీ', ఎప్పుడు 'నువ్వు' అని మన ఇళ్ళలో ఎంత తర్జనభర్జన పడతారో మీకు తెలుసు కదా. ఆ చెవితో చదివితే షోజో మాంగా మనకి ఇంగ్లీషు వాళ్ళకంటే బాగా అర్థమవుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. కరుహో షీనా రాసి గీసిన 'కిమి ని తొదోకె' అని 30 సంపుటాల కథ ఉంది. అందులో సవాకో కురోనుమా అనే అమ్మాయి. పొడవాటి నల్లటి జుట్టు, బెరుకు మనిషి. క్లాసు వాళ్ళు ఆమెని ఒక దెయ్యం సినిమాలోని దెయ్యం పేరుతో 'సదాకో' అని పిలుస్తారు. చాలామందికి ఆమె అసలు పేరే తెలియదు. కజెహాయా అనే కుర్రాడు మాత్రం సరైన పేరుతో పిలుస్తాడు. ఆమె సంతోషం అక్కడ మొదలవుతుంది, కథా అక్కడే మొదలవుతుంది. ప్రేమ సంగతి చాలా తర్వాత. దానికన్నా ముందు ఇద్దరు అమ్మాయిలతో స్నేహం కుదురుతుంది. మొదట వాళ్ళని ఇంటిపేర్లతో 'యోషిదా-సాన్', 'యానో-సాన్' అని పిలిచే పిల్ల, తర్వాత తర్వాత 'చిజు-చాన్', 'అయానే-చాన్' అనే దాకా వస్తుంది. 'వీళ్ళని నా స్నేహితులు అనొచ్చా?' అని ఆ పిల్ల మథనపడే పేజీలు చదువుతుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. అనువాదంలో ఈ పిలుపులు ఉంచారా, తీసేశారా అన్నది పుస్తకం కొనేముందు చూడండి. ఉంచిన అనువాదమే కొనండి.

'సుకి' అన్న మాట గురించి కూడా చెప్పాలి. అబ్బాయో అమ్మాయో ధైర్యం తెచ్చుకుని మనసు విప్పి చెప్పే ఘట్టాన్ని 'కొకుహకు' అంటారు. ఆ ఘట్టంలో వాడే మాట ఇదే. ఇంగ్లీషులో దాన్ని ఒకరు 'లైక్' అంటారు, ఇంకొకరు 'లవ్' అంటారు, ఏది పెట్టినా ఓ పిసరు తక్కువో ఎక్కువో అవుతుంది. తెలుగులో ఆ బాధ లేదు. 'నువ్వంటే ఇష్టం.' అంతే. మా దగ్గర చదివే పిల్లలకి నేను ఎప్పుడూ చెబుతాను, ఆ పేజీ వచ్చినప్పుడు ఇంగ్లీషు మాట పక్కన పెట్టి మనసులో ఇది అనుకోండి, సరిగ్గా సరిపోతుంది అని.

చప్పుళ్ళూ అంతే. బొమ్మల మీద పెద్దగా గీసి ఉండే జపాన్ అక్షరాలు చాలావరకు చప్పుళ్ళే. 'దొకి దొకి' అంటే గుండె దడదడ. 'కిరా కిరా' అంటే మిలమిల. 'గొరో గొరో' అంటే ఉరుము గుడగుడ. మన భాషలో ఇలాంటి జంట మాటలు ఎన్ని ఉన్నాయో! గలగల, చిటపట, గుబగుబ, తళతళ. ఇంగ్లీషు అనువాదకులు వీటి దగ్గర ఇబ్బంది పడతారు. మనం పడక్కర్లేదు. నాకు బాగా నచ్చేది 'షీన్'. ఏ చప్పుడూ లేనప్పుడు, అందరూ మూగబోయినప్పుడు దాన్ని రాస్తారు. నిశ్శబ్దానికి చప్పుడు!

ఇక ఇవి ఎక్కడి నుంచి వచ్చాయో కొంచెం చెబుతాను, ఎందుకంటే మీ రెండో ప్రశ్నకి జవాబు అందులో ఉంది. 'షోజో' అంటే ఆడపిల్ల. అది కథ రకం పేరు కాదు, ఎవరికోసం అన్న లెక్క. అందుకే ప్రేమ, మాయలు, చరిత్ర, దెయ్యాలు అన్నీ ఇందులో ఉంటాయి. ఇవి ముందు పత్రికల్లో సీరియల్‌గా వచ్చి, తర్వాత సంపుటాలు అవుతాయి. 'నకయోషి', 'రిబోన్' చిన్న పిల్లల వైపు మొగ్గే పత్రికలు, రెండూ 1950ల మధ్యలో మొదలయ్యాయి. 'మార్గరెట్' 1963లో, 'హనా తొ యుమే' 1974లో వచ్చాయి. ఇవి హైస్కూలు పిల్లల వైపు. మన అమ్మలు, అమ్మమ్మలు వారపత్రికల్లో సీరియళ్ళు చించి దాచుకుని, అయిపోయాక బైండు చేయించుకుని, ఇంటింటికీ తిప్పేవారు గుర్తుందా? అక్కడా పాఠకురాళ్ళు ఇలాగే అల్లుకుపోయారు. ఆ సీరియళ్ళని కూడా అప్పట్లో 'ఆడవాళ్ళ టైంపాస్' అని తేలిగ్గా తీసిపారేశారు. అది అన్యాయం అని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

1953లో ఒసాము తెజుకా అనే మాంగా రచయిత 'షోజో క్లబ్' పత్రికలో రాకుమారుడిగా పెరిగిన ఒక రాకుమారి కథ మొదలుపెట్టాడు. ఆయన పెరిగిన తకరాజుకా ఊళ్ళో అందరూ ఆడవాళ్ళే ఉండే నాటక సంస్థ ఉంది. మన పాత నాటకాల్లో మగవాళ్ళు ఆడవేషం కట్టినట్టు అక్కడ ఆడవాళ్ళే మగవేషం కడతారు. ఆ వెలుగు, ఆ దుస్తులు ఆయన బొమ్మల్లోకి వచ్చాయి. 1970లలో ఈ కథల్ని ఆడవాళ్ళే రాసి గీయడం బలపడింది. మోతో హగియో, కెయికో తకెమియా లాంటి వాళ్ళని '24వ సంవత్సరం బృందం' అంటారు. జపాన్ వాళ్ళ షోవా లెక్కలో 24వ సంవత్సరం అంటే 1949, వాళ్ళలో చాలామంది ఆ చుట్టుపక్కల పుట్టినవాళ్ళు. గడులు పగలగొట్టి, మనసులో మాటని పేజీ అంతా పరవడాన్ని వాళ్ళు ఎంతో ముందుకు తీసుకెళ్ళారు. రియోకో ఇకెదా 1972లో ఫ్రెంచి విప్లవం మీద 'రోజ్ ఆఫ్ వెర్సాయ్' మొదలుపెట్టినప్పుడు ఆమెకి 24 ఏళ్ళు. ఆ పుస్తకం పట్టుకుని చరిత్ర పాఠం మీద ఇష్టం పెంచుకున్న పిల్లని నేను చూశాను.

అందుకే మీ అమ్మాయి చదువుతున్నది ఏ పత్రికలో వచ్చిందో కనుక్కోండి. ఏ వయసు వాళ్ళ కోసం రాసిందో సగం అక్కడే తెలుస్తుంది. అమెరికాలో అచ్చయి మన దగ్గరికి వచ్చే విజ్ అనే ప్రచురణ సంస్థ సంపుటాల వెనక అట్ట మీద చిన్న అక్షరం ఉంటుంది. 'ఎ' అంటే అందరికీ, 'టి' అంటే 13 దాటినవాళ్ళకి, 'టి ప్లస్' అంటే 16 దాటినవాళ్ళకి, 'ఎం' అంటే 18 దాటినవాళ్ళకి. కవరు చూసి మోసపోకండి. ఒకసారి నేనే పొరపాటు చేశాను. గులాబీ రంగు కవరు, నవ్వుతున్న అమ్మాయి, ముద్దుగా ఉందని పన్నెండేళ్ళ పిల్లకి ఇచ్చేశాను. రెండు రోజులకి వాళ్ళమ్మ వచ్చి ఒక పేజీ తీసి చూపించారు. ఆవిడ కోప్పడలేదు, కానీ నాకు చాలా బాధేసింది. అప్పటి నుంచి నేను చదవని సంపుటం ఎవరికీ ఇవ్వను.

ఏం చూసుకోవాలంటే, బలవంతాన్ని ప్రేమలా చూపించే కథల్ని. అబ్బాయి అమ్మాయిని గోడకి ఆనించి, పక్కన చెయ్యి ధబీమని వేసి దారి ఆపేయడం ఈ కథల్లో ఎంత మామూలైపోయిందంటే దానికి 'కబెదోన్' అని పేరే వచ్చింది. అమ్మాయి చెయ్యి పట్టుకు లాగడం, వద్దంటే వినకపోవడం, చివరికి ఆమెకే అది నచ్చేయడం. మన సినిమాల్లో హీరో వెంటపడి వేధిస్తే హీరోయిన్ కరిగిపోయినట్టు చూపించలేదా, ఇదీ అదే జబ్బు. 1992లో మొదలైన 'హనా యోరి దాంగో' దీనికి ఉదాహరణ. 2009లో వచ్చిన కొరియన్ సీరియల్ 'బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్' దాన్నుంచి తీసిందే, మీ అమ్మాయికి తెలిసే ఉంటుంది. అందులో పిల్ల చాలా గట్టిది, డబ్బున్న వాళ్ళకి తలవంచదు, నాకు ఆ పిల్లంటే ఇష్టం. కానీ మొదటి సంపుటాల్లో ఆ కుర్రాడు ఆమెని వేధించే తీరు, బలవంతం చేయబోవడం క్షమించలేం. చిన్నపిల్లలకని రాసిన 'కార్డ్‌క్యాప్టర్ సకురా' ఎంత అందమైన పుస్తకమో, దాని పుస్తక రూపంలో ఒక టీచరుకీ చిన్న విద్యార్థినికీ మధ్య బంధాన్ని మామూలు విషయంలా చూపించడం అంత తప్పు. ఇలాంటివి దాచేస్తే పిల్లలు ఎలాగూ ఎక్కడో చదువుతారు. పక్కన కూర్చుని "ఇక్కడ ఈ అబ్బాయి చేసింది నీకెలా అనిపించింది?" అని అడిగితే వాళ్ళే చెబుతారు. నేను అడిగిన ప్రతిసారీ నాకన్నా గట్టిగా చెప్పారు.

మీరు చదవడానికి ఒకటి చెప్పమంటే నత్సుకి తకాయా రాసిన 'ఫ్రూట్స్ బాస్కెట్' చెబుతాను. 1998 నుంచి 2006 దాకా 'హనా తొ యుమే'లో వచ్చింది, 23 సంపుటాలు. రెండేసి కలిపి 12 లావు సంపుటాలుగా కూడా ఇంగ్లీషులో ఉంది. తోహ్రు అనే అమ్మాయి తల్లి రోడ్డు ప్రమాదంలో పోయింది. టెంట్ వేసుకుని ఒంటరిగా ఉంటున్న ఆ పిల్లని సోమా అనే కుటుంబం చేరదీస్తుంది. ఆ కుటుంబంలో కొందరికి శాపం, తమది కాని లింగం వాళ్ళు కౌగిలించుకుంటే చైనా వాళ్ళ రాశిచక్రంలోని జంతువుగా మారిపోతారు. ఎలుక, ఎద్దు, పులి అలా. పాత కథలో ఎలుక చేతిలో మోసపోయి దేవుడి విందుకి రాలేకపోయిన పిల్లి కూడా ఆ ఇంట్లో ఒక కుర్రాడిలో ఉంది, అతన్ని అందరూ వెలివేసినట్టు చూస్తారు. చదవబోతే నవ్వొచ్చే సంగతి, చదువుతూ పోతే పెద్దవాళ్ళు పిల్లల్ని ఎంతగా విరిచేస్తారో చెప్పే కథ. తర్వాతి సంపుటాల్లో బరువైన ఘట్టాలున్నాయి, అది ముందే తెలుసుకోండి.

పుస్తకం పేరు ఒక ఆట నుంచి వచ్చింది. పిల్లలు గుండ్రంగా కూర్చుంటారు, ఒక్కొక్కరికీ ఒక పండు పేరు. ఆ పేరు పిలిస్తే లేచి చోటు మారాలి. చిన్నప్పుడు ఆ ఆటలో తోహ్రుకి పండు పేరు ఇవ్వలేదు, 'నువ్వు ఒనిగిరి' అన్నారు. ఒనిగిరి అంటే అన్నం ముద్ద. పళ్ళ బుట్టలో అన్నం ముద్దని ఎవరు పిలుస్తారు? ఆ పిల్లకి అది వెక్కిరింత అని కూడా తెలియలేదు, తన పేరు ఎప్పుడు పిలుస్తారా అని ఎదురుచూస్తూ కూర్చుంది. ఇంకొంచెం ముందుకెళ్ళాక అదే తోహ్రు, పిల్లి శాపం ఉన్న క్యోతో ఒక మాట అంటుంది. మనిషిలోని మంచి గుణం ఒనిగిరి మీద పెట్టే ఉమెబోషి లాంటిదైతే, అది ఒక్కొక్కరి వీపు మీద అంటుకుని ఉందేమో, ఎదుటివాళ్ళది మనకి కనిపిస్తుంది, మనది మనకి కనిపించదు అని. ఉమెబోషి అంటే ఉప్పులో ఊరేసిన పుల్లటి పండు. అన్నం ముద్ద మీద ఊరగాయ బద్ద అనుకోండి, ఆ బొమ్మ మన కళ్ళ ముందే ఉంటుంది.

ఇంకో సంగతి. తోహ్రు ఎవరితో మాట్లాడినా మర్యాదగానే మాట్లాడుతుంది, తన ఈడు పిల్లలతో కూడా. తెలుగులో అయితే ప్రతి మాట చివరా 'అండి' ఉండాలి. ఇంగ్లీషులో ఇది సరిగా పట్టుబడదు. ఎందుకలా మాట్లాడుతుందో చాలా సంపుటాల తర్వాత తెలుస్తుంది, ఇక్కడ చెబితే పాడైపోతుంది. కానీ మొదటి నుంచీ ఆ 'అండి'ని మనసులో వింటూ చదివితే, ఆ కారణం తెలిసిన రోజున పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోతారు.

మాయలు, యుద్ధాలు ఇష్టమైతే మిజుహో కుసనగి 'యోనా' ఉంది, 2009లో మొదలైంది. పదహారో పుట్టినరోజు రాత్రి తను ప్రేమించినవాడే తండ్రిని చంపడం చూసి, రాజభవనం వదిలి పారిపోయిన రాకుమారి కథ. ఆమె పొడవాటి ఎర్ర జుట్టుని శత్రువు పట్టుకుంటే తనే కత్తితో తెగ్గోసుకుని విడిపించుకుంటుంది. ప్రేమ ఉంది, కానీ దానికన్నా ముందు ఆ పిల్ల విల్లు పట్టడం, ఊళ్ళలో ఆకలి చూడడం ఉంది. ఒక్క మాట, తండ్రిని చంపిన ఆ అబ్బాయి ఆమెకి పెదనాన్న కొడుకు. మన వరసలో అన్నయ్య అవుతాడు, వాళ్ళ కథలో అది అడ్డం కాదు. మా పిల్లలు మొదట అడిగేది దీని గురించే. వినికిడి లేని అమ్మాయి కథ 'ఎ సైన్ ఆఫ్ అఫెక్షన్' కూడా బాగుంటుంది, అయితే అందులో వాళ్ళు కాలేజీ వయసు వాళ్ళు.

ఫోన్ గురించి. మీ అమ్మాయి కింద నుంచి పైకి జరుపుతూ రంగు బొమ్మలు చూస్తుంటే అది చాలావరకు కొరియా వాళ్ళ వెబ్‌టూన్, మాంగా కాదు. అందులో పేజీ కూర్పు వేరు, నేను పైన చెప్పిన కుడి ఎడమల లెక్క ఉండదు. దొంగ సైట్లలో చదువుతుంటే మాత్రం మాన్పించండి. రాసినవాళ్ళకి రూపాయి రాదు, పక్కన వచ్చే ప్రకటనలు పిల్లలు చూడాల్సినవి కావు, వయసు గుర్తులూ ఉండవు. నెలకో సంపుటం కొనిపెట్టి, స్నేహితులతో మార్చుకోమనండి. అచ్చు పుస్తకంలో ఇంకో లాభం కూడా ఉంది. కొన్ని సంపుటాల్లో పేజీ పక్కన సన్నటి కాలమ్‌లో రచయిత్రి సొంత కబుర్లు ఉంటాయి. పత్రికలో ప్రకటన కోసం వదిలిన చోటది, సంపుటంలో ఆవిడ ఉత్తరంలా నింపుతుంది. పిల్లలకి అవంటే ప్రాణం.

నా 'ఫ్రూట్స్ బాస్కెట్' మొదటి సంపుటంలో పసుపు రంగు చీటీలు అంటించి ఉన్నాయి. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి తోహ్రు మాటల్ని తెలుగులో రాసి పెట్టింది. "నన్ను ఇక్కడ ఉండనిస్తారా అండి" అని ఒక చీటీ. కింద ఇంకో చేతిరాతతో, ఇంకో రంగు పెన్నుతో, "'ఉండనిస్తారాండీ' అంటుంది, కలిపి" అని ఆ తర్వాత చదివిన పిల్ల దిద్దింది. మీరు, మీ అమ్మాయి ఆ సంపుటం తీసినప్పుడు అలా ఒక పేజీ చేసి చూడండి. ఈలోగా తను ఇప్పుడు చదువుతున్న వాటి పేర్లు రాయండి, ఏ పత్రికలో వచ్చాయో, ఏ వయసుకి సరిపోతాయో చెబుతాను.